ఈ చావులన్నీ పాము ఖాతాలోకేనా?

పాము కనిపిస్తే చంపెయ్యాల్సిందేనని, వదిలేస్తే ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరి ప్రాణం తీస్తుందని మన ఊళ్లలో గట్టి నమ్మకం. గడ్డివాము పక్కన పాము కనబడిందంటే నలుగురూ కర్రలు పట్టుకుని వస్తారు. అది జెర్రిపోతా, నీరుకట్టా, నాగుపామా అని చూసే తీరిక ఎవరికీ ఉండదు. కొట్టి చంపి, కాల్చి బూడిద చేశాక గాని ఆ వీధి కుదుటపడదు. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. ఈ దేశంలో పాముకాటు ఎంతమందిని పొట్టన పెట్టుకుంటోందో తెలిసినవాళ్లెవరూ దాన్ని మూఢత్వమని కొట్టిపారెయ్యలేరు. నా అభ్యంతరమల్లా ఆ భయం వేసుకున్న లెక్క మీద. ప్రమాదమంతా పాములోనే ఉందని, విషం ఎంత ఘాటైతే మనిషికి అంత ముప్పని, పాము పోతే ముప్పూ పోతుందని ఆ లెక్క చెబుతుంది. చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు, పత్రికలవాళ్లు, అధికారులు అందరూ దాన్నే నమ్ముతున్నారు. అది తప్పు లెక్క. పాము దగ్గరున్నది విషం మాత్రమే. ఆ విషం చావుగా మారాలంటే చీకటి తోడవ్వాలి, చెప్పుల్లేని కాలు తోడవ్వాలి, కటిక నేల మీద పడక తోడవ్వాలి, ఆస్పత్రికి చేరడానికి గంటలు పట్టాలి, చేరాక అక్కడ మందు లేకపోవాలి. వీటిలో ఒక్కటీ పాము తెచ్చిపెట్టింది కాదు.

ముందు అంకెలు చూద్దాం. మన దేశంలో ఎవరు దేనివల్ల చనిపోతున్నారో ఇంటింటికీ తిరిగి ఆరా తీసిన ‘పది లక్షల మరణాల అధ్యయనం’ ఆధారంగా 2020లో ఒక అంచనా వెలువడింది. 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షలని, అంటే ఏటా సగటున 58 వేలని అది తేల్చింది. డెబ్బై ఏళ్లు నిండేలోగా పాముకాటుకు బలయ్యే అవకాశం సగటున 250 మంది భారతీయుల్లో ఒకరికి ఉందట. చనిపోయినవాళ్లలో నాలుగోవంతుకు పైగా పదిహేనేళ్లలోపు పిల్లలు. మరణాల్లో 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఇదే అధ్యయనం నుంచి అంతకుముందు 2005 సంవత్సరానికి తీసిన లెక్క మనకు ఇంకా కటువుగా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఒక్క ఏడాదే 5,200 మంది పోయారు. దేశ సగటు లక్ష జనాభాకు 4.1 మరణాలైతే మన దగ్గర 6.2. అన్ని రాష్ట్రాల్లోకీ మనదే ఎక్కువ. దేశమంతటా చనిపోయినవాళ్లలో నూటికి 97 మంది పల్లెవాసులు. పులి, ఏనుగు, మొసలి అన్నీ కలిసి చంపేవాళ్లకంటే పాముకాటుకు చనిపోయేవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ఒక పులి ఊరి పొలిమేరలో తిరిగితే వారం రోజులు రాసే పత్రికలు పాముకాటు చావుకు జిల్లా పేజీలో నాలుగు వాక్యాలిచ్చి ఊరుకుంటాయి.

కాబట్టి ‘పాములు అమాయక జీవులు, వాటి జోలికి మనం పోకపోతే మన జోలికి అవి రావు’ అని పట్నాల్లో కొందరు ప్రకృతి ప్రేమికులు చెప్పే మాటతోనూ నేను ఏకీభవించలేను. ఆ మాట చెప్పేవాళ్ల మనసు మంచిదే. కానీ అది తలుపులు బిగించిన ఇళ్లలో, వీధిదీపాల కింద, బూట్లు వేసుకుని తిరిగేవాళ్ల విషయంలో నిజమైన మాట. అమెరికాలో ఏటా ఏడెనిమిది వేల మందిని విషసర్పాలు కరుస్తాయి, చనిపోయేవాళ్లు ఐదుగురో ఆరుగురో. ఆస్ట్రేలియాలో ఏడాదికి ఇద్దరు ముగ్గురికి మించరు. ఆ దేశాల్లో తీసిన టీవీ కార్యక్రమాలు చూసి, అక్కడివాళ్ల ధీమాను మన వరిగట్ల మీదికి దించడం అన్యాయం. చెప్పుల్లేకుండా చేలో నాట్లు వేస్తున్న మనిషి పాము జోలికి పోలేదు. గుడిసెలో నిద్రపోతున్న పసిపిల్ల అసలే పోలేదు. అయినా కాటు పడింది. పాము అమాయకమైనదా, క్రూరమైనదా అన్న చర్చలో దిగినవాళ్లు ఇరుపక్షాలూ పామునే చూస్తున్నారు. కాటు పడిన మనిషి ఎక్కడున్నాడు, ఏ వేళప్పుడు ఉన్నాడు, తర్వాత అతనికి ఏం దొరికింది అన్నవి ఇద్దరూ వదిలేస్తున్నారు.

విషపు ఘాటునుబట్టి ముప్పును కొలవడం ఎంత పొరపాటో ఆస్ట్రేలియా ఒక్కటే చూపిస్తుంది. ప్రపంచంలోకెల్లా ఘాటైన పాము విషం అక్కడి ఎడారి ప్రాంతాల్లో బతికే ఇన్‌లాండ్ తైపాన్‌ది. ఆ మాట అనడానికి ప్రయోగశాలలో ఒక కొలత ఉంది. ప్రయోగానికి వాడిన ఎలుకల్లో సగం చావడానికి ఎంత విషం సరిపోతుందో చూస్తారు. ఎంత తక్కువతో చస్తే అంత ఘాటు. ఆ కొలత ప్రకారం తైపాన్‌ను మించింది లేదు. అయినా ఆ పాము కరిచి మనిషి చనిపోయినట్టు నమోదైన దాఖలా ఒక్కటీ లేదు. అది మనుషులు లేని చోట బతుకుతుంది, పగుళ్లిచ్చిన నేలలో ఎలుకల్ని తింటుంది, ఎప్పుడైనా ఎవరికైనా కాటు పడితే విరుగుడు మందు అందుతుంది. ఎలుకల మీద తీసిన కొలతలో పల్లె లేదు, రాత్రి లేదు, రోడ్డు లేదు. ‘ప్రపంచంలో అత్యంత విషపూరితమైన పది పాములు’ అంటూ మన యూట్యూబ్ చానళ్లు వేసే జాబితాలు చూసి ముప్పును అంచనా కట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మన దగ్గర ఆ జాబితాల్లో రాజ్యమేలేది ఉత్తరాంధ్ర కొండల్లోని గిరినాగు. పన్నెండు అడుగుల పాము పడగెత్తి నిలబడితే చూసినవాడి గుండె ఆగినంత పనవుతుంది, ఆ వీడియో లక్షల మంది చూస్తారు. గిరినాగు కాటుకు మనుషులు చనిపోవడం మాత్రం చాలా అరుదు. అది ఎక్కువగా ఇతర పాముల్నే తిని బతుకుతుంది, మనిషిని చూస్తే తప్పుకుంటుంది. 2020 అధ్యయనంలో భాగంగా వివిధ పరిశోధనల నుంచి సేకరించిన దాదాపు 88 వేల పాముకాట్లను పరిశీలిస్తే 43 శాతం రక్తపింజరవి, 18 శాతం కట్లపామువి, 12 శాతం నాగుపామువి. మన పూజలూ సినిమాలూ భయాలూ అన్నీ నాగుపాము చుట్టూ తిరుగుతున్నాయి. మనకు కాట్లు ఎక్కువగా ఇంకో రెండు పాముల నుంచి పడుతున్నాయి.

కట్లపాము సంగతి కాస్త నిదానంగా చూడాలి. ఎందుకంటే పాము పగబట్టి వెంటపడి కరుస్తుందన్న కథకు అది నిలువెత్తు ఖండన. పగలంతా అది ఇటుకల సందులో, ఎలుక బొక్కలో ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంటుంది. పగటిపూట దాన్ని కర్రతో కదిపినా చాలాసార్లు తల చుట్టల్లో దాచుకుంటుందే తప్ప కరవదు. రాత్రి ఎలుకల కోసం, బల్లుల కోసం, చిన్న పాముల కోసం ఇళ్లలోకి వస్తుంది. నేల మీద చాప పరుచుకుని పడుకున్న మనిషి నిద్రలో పక్కకు ఒత్తిగిలితే, ఆ ఒత్తిడికి కరుస్తుంది. కోరలు చాలా చిన్నవి. చీమ కుట్టినట్టు కూడా ఉండదు, వాపు రాదు, కాటు గుర్తు వెతికినా దొరకదు. తెల్లవారుజామున మనిషి కడుపునొప్పితో లేస్తాడు. వాంతవుతుంది. రాత్రి తిన్నది పడలేదేమోనని ఇంట్లోవాళ్లు సోడా తాగిస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఉమ్మి మింగుడుపడదు. ఆ తర్వాత మెడ నిలబడదు, ఛాతీ కండరాలు పనిచెయ్యడం మానేస్తాయి. విషం నరాల చివరలను దెబ్బతీసింది, ఊపిరి తీసే బలం పోయింది. ఇక్కడ వైద్యులు కూడా మోసపోయే సందర్భం ఒకటుంది. కట్లపాము కాటు పడినవాడి కనుపాపలు విచ్చుకుని, వెలుతురు వేసినా కదలకుండా ఉండిపోవచ్చు. పిలిస్తే పలకడు, గిల్లితే కదలడు. ప్రాణం పోయిందనుకుంటారు. లోపల అతనికి తెలివి ఉండవచ్చు, చుట్టూ ఏడ్చేవాళ్ల మాటలు వినిపిస్తూ ఉండవచ్చు. వెంటిలేటర్ పెట్టి కొన్ని రోజులు ఊపిరి అందిస్తే, అది దొరికేదాకా చేత్తో గాలిసంచి పిండుతూ ఉంటే, నరాల చివరలు మళ్లీ కోలుకుంటాయి, మనిషి లేచి నడుస్తాడు. ఇదే మనిషి మంచం మీద దోమతెర కట్టుకుని, దాని అంచులు పరుపు కింద దోపుకుని పడుకుని ఉంటే కాటే పడేది కాదు. నేపాల్ ఆగ్నేయ ప్రాంతంలో జరిగిన అధ్యయనం, దోమతెరలో పడుకునేవాళ్లకు పాముకాటు ముప్పు బాగా తగ్గుతుందని తేల్చింది. పాము కోరకూ మనిషి చర్మానికీ మధ్య ఒక పల్చటి గుడ్డ ఉండడం, లేకపోవడం మీద ప్రాణం ఆధారపడితే ఆ ప్రమాదాన్ని పాము స్వభావమని ఎలా అంటాం?

రక్తపింజర కథ పొలంలో నడుస్తుంది. అది కట్లపాములా చడీచప్పుడు లేకుండా కరిచే రకం కాదు. కుక్కర్ ఈల వేసినట్టు గట్టిగా బుసకొట్టి ముందే హెచ్చరిస్తుంది. కానీ ఎండుటాకుల రంగులో కలిసిపోయి, వరి దుబ్బుల మధ్య, వేరుశనగ కుప్పల కింద, కట్టెల మోపులో కదలకుండా ఉంటుంది. కొడవలి పట్టుకున్న చెయ్యి దాని పక్కన దుబ్బును పిడికిట పట్టేదాకా, కాలు దాని మీద పడేదాకా ఎవరికీ కనబడదు. ధాన్యానికి ఎలుకలు, ఎలుకలకు పింజరలు. మన అన్నం పండే చోటే దాని ఆహారమూ ఉంది. మరణాల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలంలోనే జరుగుతున్నాయి. ఆ నెలల్లో పాములకు కోపం పెరగదు. బొరియల్లోకి నీళ్లు చేరి అవి గట్ల మీదికి, ఇళ్లలోకి వస్తాయి, మనం నాట్లకు, కలుపులకు బురదలో దిగుతాం. దీనికితోడు మన రెండు రాష్ట్రాల రైతులకు బాగా తెలిసిన ఇంకో కారణం ఉంది. ఏళ్ల తరబడి వ్యవసాయ మోటార్లకు త్రీఫేజ్ కరెంటు అర్ధరాత్రి వేళ ఇచ్చారు. కరెంటు వచ్చిందని రైతు ఒంటిగంటకో రెండింటికో లేచి, కొన్నిసార్లు టార్చిలైటు కూడా లేకుండా, గట్టు వెంబడి నడిచి వెళ్లి స్టార్టర్ నొక్కేవాడు. మడికి నీళ్లు తిప్పేవాడు. ఎలుకల కోసం పింజర తిరిగే వేళా అదే. ఆ గట్ల మీద కాటు పడి, ఇంటికి కబురు కూడా అందక తెల్లారేసరికి చనిపోయి కనిపించిన రైతుల వార్తలు మనం ఎన్ని చదివాం! తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తామంది. ఇవన్నీ పంటల కోసం తీసుకున్న నిర్ణయాలుగానే చర్చకు వచ్చాయి. కరెంటు వేళల కాగితం మీద సంతకం పెట్టే అధికారి, తాను పాముకాటు మరణాల సంఖ్యను కూడా నిర్ణయిస్తున్నానని అనుకోడు. నిర్ణయిస్తున్నాడు.

ఈ మాటను మన సమాజం, ప్రభుత్వం ఎంత దూరం పెట్టాయో తెలియాలంటే 2018 దివిసీమను తలుచుకోవాలి. ఆ ఏడాది వానాకాలంలో అవనిగడ్డ చుట్టుపక్కల పాముకాట్లు బాగా పెరిగాయి. రోజూ ఆస్పత్రికి కేసులు వచ్చాయి, జనం బెంబేలెత్తిపోయారు. అప్పుడు ఆగస్టు చివర్లో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో దేవాదాయ శాఖ సర్పశాంతి యాగం జరిపించింది. భక్తుల నమ్మకాన్ని నేను చిన్నచూపు చూడను. భయపడిన మనిషి దేవుణ్ణి తలుచుకోవడం సహజం. కానీ ఒక ప్రభుత్వ విభాగం పూనుకుని శాంతి చేయించిందంటే, ఆ విపత్తు పాముల ఆగ్రహం వల్ల వచ్చిందని ప్రజల ముందు ఒప్పుకున్నట్టే. అదే వారం ప్రతి ఇంటికీ ఒక దోమతెర, ప్రతి కూలీకి ఒక జత గమ్‌బూట్లు, ప్రతి రైతుకు ఒక టార్చి పంచి ఉంటే ప్రజలకు వేరే సంగతి అర్థమయ్యేది.

పాము లోపలి విషం కంటే బయటి ఏర్పాట్లే చావును నిర్ణయిస్తాయనడానికి నాకు తెలిసిన గట్టి సాక్ష్యం నేపాల్‌లోని దమక్ నుంచి వస్తుంది. అక్కడ పాముకాటు వైద్యకేంద్రం ఉంది, మందు ఉంది. అయినా చుట్టుపక్కల ఊళ్లలో కాటు పడినవాళ్లు చనిపోతూనే ఉన్నారు. దారిలోనో, భూతవైద్యుడి దగ్గరో కాలం గడిచిపోయేది. అప్పుడు ఊళ్లలో మోటార్‌సైకిల్ ఉన్న కుర్రాళ్లను ఎంపిక చేసి, వాళ్ల ఫోన్ నంబర్లు ఇంటింటికీ ఇచ్చి, ఎవరికి కాటు పడినా రాత్రనక పగలనక బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకొచ్చే ఏర్పాటు చేశారు. కాటు పడినవాళ్లలో మరణాలు అంతకుముందు నూటికి పదిన్నర ఉండేవి. ఈ ఏర్పాటు తర్వాత నూటికి అరకు దిగాయి. నాగుపాములు అవే, కట్లపాములు అవే, వాటి విషంలో చుక్క కూడా మారలేదు. మారింది బయటి ఏర్పాట్లే. శ్రీలంకను చూసినా ఇదే తేలుతుంది. మన దగ్గరున్న నాగుపాము, కట్లపాము, రక్తపింజర అక్కడా ఉన్నాయి. అక్కడ దేశమంతటా జరిపిన సర్వే ప్రకారం ఒక ఏడాదిలో సుమారు 80 వేల మందికి కాట్లు పడితే చనిపోయినవాళ్లు 464 మంది. నూటికి ఒకరు కూడా లేరు. మన దేశంలో 2015లో 11 లక్షల నుంచి 18 లక్షల దాకా కాట్లు పడి ఉంటాయని 2020 అధ్యయనం అంచనా. దాని పక్కన 58 వేల మరణాలు పెట్టి చూస్తే నూటికి ముగ్గురి నుంచి ఐదుగురు. సముద్రం దాటగానే పాముకు కోర మొద్దుబారదు. అక్కడ ఉచిత ప్రభుత్వ వైద్యం పల్లెకు దగ్గరలో ఉంది, జనం అక్కడికి వెళతారు. మన దగ్గర చనిపోయినవాళ్లలో నూటికి 77 మంది ఆస్పత్రిలో కాకుండా బయటే ప్రాణం విడిచారని 2005 లెక్క చెబుతోంది.

ఇన్ని చెప్పినా, ‘పాము లేకపోతే కాటే లేదు కదా, చంపితే తప్పేముంది’ అని అడిగేవాళ్లుంటారు. ఆ మాట తీసిపారెయ్యదగ్గది కాదు, జవాబు చెప్పాల్సిందే. ఈ ఉపాయాన్ని ఈ దేశంలో ఒకసారి పెద్దయెత్తున ప్రయోగించి చూశారు. 1869 సంవత్సరానికి బ్రిటిష్ ఇండియాలో సగం ప్రాంతం నుంచే పాముకాటు మరణాల లెక్క తెప్పించిన వైద్యుడు జోసెఫ్ ఫేరర్‌కు 11,416 అన్న అంకె వచ్చింది. దాంతో దిగులుపడ్డ ప్రభుత్వం పాముకింత అని బహుమతి ప్రకటించింది. జనం తెచ్చి చూపించారు, ఖజానా డబ్బు కట్టింది. ఏటా లక్షల పాములు చచ్చాయి. మరణాలు 1880లలో కూడా ఏటా ఇరవై వేల దగ్గరే తచ్చాడాయి. ఎందుకు తగ్గలేదో ఆలోచిస్తే తెలుస్తుంది. మనకు కనబడి, మన కర్రకు చిక్కే పాము పగటిపూట పారిపోతున్న పాము. అందులో ఎక్కువ జెర్రిపోతులు, నీరుకట్లు, విషం లేనివి. కట్లపాము పోలికలున్న పాపానికి చచ్చే విషం లేని పాములు కూడా ఉన్నాయి. రాత్రి కరిచే కట్లపాము, దుబ్బు కింద దాక్కున్న పింజర కర్రకు అందవు. పైగా ఎలుకల్ని తినే జెర్రిపోతును చంపితే ఎలుకలు పెరుగుతాయి, ఎలుకల కోసమే పింజరా, నాగూ, కట్లపామూ గాదెల చుట్టూ చేరతాయి. ఇక పారిపోయే పామును అడ్డగించి కొట్టబోయి కాటు వేయించుకునేవాళ్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. ఇంట్లోకి వచ్చిన నాగుపామును పూజించి వదిలెయ్యమని నేను అనడం లేదు. దూరంగా నిలబడి దాని మీద కన్నేసి ఉంచి, పాములు పట్టేవాళ్లకో అటవీ శాఖకో ఫోన్ చెయ్యమంటున్నాను. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంఘాలు ఏళ్లుగా ఈ పని చేస్తున్నాయి. ఇలాంటివి ప్రతి మండలానికీ రావాలి.

‘మా ఊళ్లో మంత్రం వేస్తే బతికారు, ఆకు పసరు పోస్తే బతికారు’ అన్నది రెండో అభ్యంతరం. బతికారన్నది అబద్ధం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 54 లక్షల పాముకాట్లలో విషం ఎక్కేది 18 నుంచి 27 లక్షల మందికే. అంటే సగం, లేదా అంతకంటే ఎక్కువ కాట్లలో విషమే ఉండదు. కరిచింది విషం లేని పామైనా అయ్యుంటుంది, విషం ఉన్నా దిగి ఉండదు. పాము తన విషాన్ని ఎలుక కోసం దాచుకుంటుంది, తాను మింగలేని మనిషి మీద ప్రతిసారీ ఖర్చుపెట్టదు. మంత్రగాడి దగ్గరికి వెళ్లిన పదిమందిలో ఐదారుగురు ఏ మంత్రం లేకపోయినా బతికేవాళ్లే. ఆ బతికినవాళ్ల పేరు చెప్పుకుని అతను మిగిలినవాళ్లను తన అరుగు మీద కూర్చోబెడతాడు. విలువైన గంటలు అక్కడే పోతాయి. సినిమాలు నేర్పిన పద్ధతి ఇంతకంటే ప్రమాదకరం. కాటు పైన తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కొయ్యడం, నోటితో పీల్చడం. బిగించిన కట్టు కింద రక్తం ఆడక కాలు కుళ్లిపోయి తీసెయ్యాల్సి వచ్చినవాళ్లున్నారు. కోసిన చోట, అదీ రక్తపింజర కాటైతే, రక్తం ఆగదు. చెయ్యాల్సింది చాలా తక్కువ. ఉంగరాలు, కడియాలు, మెట్టెలు తీసెయ్యాలి. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా బద్ద ఆనించి వదులుగా కట్టాలి. మనిషిని నడవనివ్వకుండా బండి మీదో 108లోనో ఎక్కించాలి. ఆ 108 సేవ 2005లో మొదలైంది మన హైదరాబాద్‌లోనే.

మూడో అభ్యంతరం డాక్టర్ల నుంచి వస్తుంది, నేను అన్నిటికంటే గౌరవించేది దీన్నే. మందు ఉన్నా అది అంత గొప్పది కాదంటారు. నిజమే. మన విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటి విషాన్ని గుర్రాలకు ఎక్కించి తయారు చేసేది. ఆ విషంలో అత్యధిక భాగం చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరుల పాముపట్టేవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్నిబట్టి మారుతుందని, తమిళనాడు పాముల విషంతో చేసిన మందు దేశమంతటా ఒకేలా పనిచెయ్యదని బెంగళూరు ఐఐఎస్‌సీలో కార్తీక్ సునగర్ బృందం చూపించింది. మందు పడక కొందరికి ఒక్కసారిగా బీపీ పడిపోతుంది, ఊపిరి ఆడదు. ఈ భయంతోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టరు సీసా చేతిలో ఉండి కూడా పెద్దాస్పత్రికి రాసి పంపేస్తాడు. ఆ ప్రయాణంలో రెండు మూడు గంటలు పోతాయి. కానీ ఈ అభ్యంతరం నా వాదాన్ని బలపరుస్తుందే గాని కూలదొయ్యదు. ప్రాంతానికి తగిన మందు తయారు చెయ్యకపోవడం, పక్కన అడ్రినలిన్ సిద్ధంగా ఉంచకపోవడం, డాక్టరుకు శిక్షణ ఇవ్వకపోవడం, ఇవన్నీ మనుషుల లోపాలే. రక్తపింజర విషం ఎక్కిందో లేదో తేల్చడానికి పెద్ద ల్యాబు కూడా అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రోగి రక్తం రెండు మిల్లీలీటర్లు తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా నిలబెట్టి, ఆ తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టి ఉంటే జారదు. నీళ్లలా జారితే రక్తం గడ్డకట్టే గుణం పోయిందని అర్థం, వెంటనే మందు ఎక్కించాలి. గొట్టం ప్లాస్టిక్‌దైతే మాత్రం ఈ పరీక్ష తప్పుతుంది. ఒక గాజు గొట్టం, ఒక గడియారం ఉంటే చాలు. అవి కూడా లేని ఆరోగ్య కేంద్రం ఉన్నప్పుడు ఆ చావును పాము మీద రాయడం న్యాయం కాదు.

అసలు ఈ చావులు ప్రభుత్వ రికార్డుల్లోకే ఎక్కడం లేదు. ఆస్పత్రుల నుంచి వచ్చే సమాచారం ఆధారంగా కేంద్రం దగ్గరున్న లెక్క ఏటా రెండు వేల మరణాల దగ్గర ఆగిపోతుంది. ఇంటింటి సర్వే చెప్పేది 58 వేలు. మిగిలిన 56 వేల మంది కాగితం మీద లేరు గనుక వాళ్ల కోసం ఎన్ని సీసాల మందు కొనాలో, ఏ పీహెచ్‌సీలో ఉంచాలో ఎవరూ లెక్క వెయ్యరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది. కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చి 2030 నాటికి మరణాలను సగానికి తగ్గిస్తామంది. అదే ఏడాది నవంబరులో, ప్రతి పాముకాటు కేసునూ, ప్రతి మరణాన్నీ తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేసేలా ఆదేశాలివ్వమని రాష్ట్రాలకు రాసింది. కర్ణాటక అంతకుముందే ఆ పని చేసింది. ఇంత ఆలస్యంగానైనా ఇది సరైన దారి. అయితే ఢిల్లీ కాగితం మన మండలంలో మందుసీసాగా మారాలంటే అడిగే నోళ్లుండాలి. ఈ వ్యాసం చదివినవాళ్లను నేను కోరేది ఒకటే. తొలకరి పడకముందే మీ ఊరికి దగ్గరున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. పాముకాటు మందు కనీసం ఇద్దరు రోగుల తొలి మోతాదుకు సరిపడా, అంటే ఇరవై సీసాలు, ఇవాళ ఉందా, గడువు దాటలేదా అని అడగండి. అడ్రినలిన్, గాలిసంచి, గాజు గొట్టం చూపించమనండి. రాత్రిపూట డ్యూటీలో ఎవరుంటారో పేరు, ఫోన్ నంబరు రాయించుకుని ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించండి. లేవంటే రాతపూర్వకంగా కలెక్టరుకు ఫిర్యాదు చెయ్యండి.